పెదవాల్తేరు డాబా, ఎస్.ఎస్. సిగ్ని

చందమామని, శనిగ్రహం వలయాల్ని చూపించమని ఎవరైనా అడిగితే మా చిన్న మావయ్యకి లోపల చిరాకే. పైకి మాత్రం కాదనేవాడు కాదు. వీధిలో పిల్లలంతా డాబా మెట్ల మీద వరస కడితే ఓపిగ్గా ఒక్కొక్కర్నీ స్టూలెక్కించి చూపించేవాడు. వాళ్లు దిగిపోయాక "శని ఎక్కడికి పోతాడే, రేపూ అలాగే ఉంటాడు" అని టెలిస్కోపు ఉత్తరం వైపు తిప్పేసేవాడు. తనకి కావలసినవి రేపటికి అలాగే ఉండని చుక్కలు. వేరియబుల్స్, అంటే వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండేవి. తొంభైల చివర్లో మా వీధి మొత్తానికి ఆ మాట తెలిసినవాడు తనొక్కడే, తన పుణ్యమా అని నేను.

మావయ్యది స్టీల్ ప్లాంటు ఉద్యోగం. నాన్నగారికి ఎప్పుడూ బదిలీలే కాబట్టి నేను పెదవాల్తేరులో అమ్మమ్మ వాళ్లింట్లో ఉండి చదువుకునేదాన్ని. 'ఎ' షిఫ్ట్, అంటే పొద్దుటి డ్యూటీ వారం మావయ్య ఎనిమిదింటికే ముసుగుతన్నేవాడు, తెల్లారకముందే బస్సెక్కాలి. సి షిఫ్ట్ వారం రాత్రంతా ప్లాంటులోనే. మాకు మిగిలింది బి షిఫ్ట్. రాత్రి పదింటికి డ్యూటీ దిగి, ఇల్లు చేరేసరికి పదకొండు దాటేది. అమ్మమ్మ మూతపెట్టి ఉంచిన అన్నం నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే డాబా ఎక్కేవాడు. నేను మేలుకుని ఉంటే నన్ను పిలిచేవాడు. మేలుకునే ఉండేదాన్ని. "ఆడపిల్లని అర్ధరాత్రి మంచులో ఏటిరా నీ గోల" అని అమ్మమ్మ కింద నుంచి అరిచేది గానీ, కాసేపటికి తనే శాలువా పట్టుకుని పైకొచ్చేది.

ఆ టెలిస్కోపు అద్దం మావయ్య తనే అరగదీసుకున్నాడు. ఆరంగుళాల గాజు బిళ్లలు రెండు, మధ్యలో కార్బొరండం పొడి, నీళ్లు. వసారాలో పాత డ్రమ్ము మీద కింది బిళ్లని బిగించి, పైదాన్ని ముందుకీ వెనక్కీ తోస్తూ డ్రమ్ము చుట్టూ తిరిగేవాడు. అలా రుద్దుతూ పోతే పై బిళ్ల గుంటపడుతుంది, కిందది ఉబ్బుతుంది. ఆ గుంటపడ్డదే అద్దం. నెలల తరబడి ఇంట్లో అదే గరగర. "పళ్లు పులుస్తన్నాయిరా ఆ సప్పుడికి" అనేది అమ్మమ్మ. గొట్టం పీవీసీ పైపు, లోపల నల్లరంగు వేశాడు. అద్దానికి అల్యూమినియం పూత మాత్రం పై ఊరికి పంపి వేయించాల్సి వచ్చేది. సముద్రం ఒడ్డున ఆ పూత ఎన్నాళ్లు నిలుస్తుంది? ఉప్పుగాలి తగిలి అంచుల్లో మచ్చలు మొదలయ్యేవి.

ఇక మా ఆకాశం. దక్షిణం వైపు చూడటానికి లేదు, హార్బర్ ఫ్లడ్‌లైట్లు, రిఫైనరీ మంట, డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా మబ్బులు, తుపాన్లు. ఆ తర్వాత ఆకాశం తేటపడినా గాలిలో తేమ పోదు, ఐపీస్ మీద ఆవిరి పట్టేసి చుక్కలన్నీ దూదిపింజలైపోయేవి. తుడవకూడదు, గీతలు పడతాయి. చంకలో పెట్టుకుని వెచ్చబరచాలి. ఉత్తరం ఒక్కటే కాస్త నయం. అదృష్టం కొద్దీ మావయ్యకి ఇష్టమైన చుక్క ఆ వైపే ఉండేది.

ఎస్.ఎస్. సిగ్ని. హంస రాశిలో డెనెబ్‌కి తూర్పున ఉంటుంది. 1896లో హార్వర్డ్ అబ్జర్వేటరీలో లూయిసా వెల్స్ అనే ఆవిడ ఫొటో పలకలు పరీక్షిస్తూ దీన్ని పట్టుకుంది. మామూలప్పుడు 12వ మాగ్నిట్యూడ్ దగ్గర, ఉందా లేదా అన్నట్టు పడి ఉంటుంది. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో 8 దాకా లేచిపోతుంది. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు, నాలుగు మెట్లంటే రమారమి 40 రెట్లు. ఒక వారమో రెండు వారాలో వెలిగి మళ్లీ అడుక్కి పోతుంది. సగటున ఏడు వారాలకోసారి ఇలా లేస్తుంది గానీ, ఆ సగటుని నమ్ముకుని కూర్చుంటే మోసపోతాం. ఒకసారి నాలుగు వారాలకే లేస్తుంది, ఒకసారి రెండున్నర నెలలైనా ఉలకదు.

ఎందుకలా అని అడిగితే మావయ్య మేఘాద్రి గెడ్డ రిజర్వాయరుతో చెప్పాడు. అక్కడ ఉన్నది ఒక చుక్క కాదు, రెండు. ఒకటి శ్వేతకుబ్జం, కాలిపోయాక మిగిలిన నక్షత్రపు గట్టి ముద్ద. రెండోది దానికి బాగా దగ్గరగా తిరిగే మామూలు నక్షత్రం. ఎంత దగ్గరంటే ఆరున్నర గంటల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. ఆ రెండోదాని నుంచి వాయువు కారుతూ కుబ్జం చుట్టూ పళ్లెంలా పేరుకుంటుంది. "గెడ్డలో నీళ్లు చేరుతున్నంతసేపూ కింద ఊళ్లకి ఏమీ తెలీదు కదా. నిండాక గేట్లెత్తుతారు. అదే ఔట్‌బర్స్ట్" అన్నాడు. పళ్లెంలో వాయువు ఒక హద్దు దాటి వేడెక్కగానే ఒక్కసారిగా లోపలికి జారుతుంది, అప్పుడు పళ్లెమే వెలిగిపోతుంది. తర్వాత పుస్తకాల్లో చదివినప్పుడు ఈ సంగతి నాకు కొత్తగా అనిపించలేదు.

కొలవడానికి మా దగ్గర కన్ను తప్ప ఏ పరికరమూ లేదు. వేరియబుల్స్ చూసేవాళ్లకి అమెరికాలో ఒక అసోసియేషన్ ఉంది, వాళ్ల చార్టులో ఆ చుక్క చుట్టూ వెలుగు మారని నక్షత్రాలకి అంకెలు వేసి ఉంటాయి. 96 అని ఉంటే 9.6 అని చదువుకోవాలి. మధ్యలో చుక్క పెడితే అదీ ఒక నక్షత్రమనుకుంటారని దశాంశ బిందువు తీసేశారు. చార్టు చూడటానికి టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం కట్టేవాళ్లం, వినాయక చవితి పందిరి విప్పేటప్పుడు అడిగి తెచ్చుకున్నది. తెల్ల వెలుగు పడితే చీకటికి అలవాటుపడ్డ కళ్లు మళ్లీ మొదటికొస్తాయి. మన చుక్క ఈ 96 కన్నా మందంగా, ఆ పక్కదాని కన్నా ప్రకాశంగా ఉందా? అయితే రెంటికీ మధ్యలో ఎక్కడ? సగంలోనా, ఇటు దగ్గరా? అంతే పని. చుక్క మరీ మసగ్గా ఉంటే సూటిగా చూడకూడదు, ఓరకంట చూడాలి. కంటి లోపలి తెర నడిమధ్య కన్నా పక్కభాగం చీకట్లో బాగా పనిచేస్తుంది.

మావయ్యకో పట్టింపు ఉండేది. తను ముందు చూసినా తన అంకె చెప్పేవాడు కాదు. "ముందు నువ్వు చెప్పు" అనేవాడు. నిన్న రాసిన పేజీ తిరగేయనిచ్చేవాడు కాదు. నిన్న 9.1 అని గుర్తుంటే, ఇవాళ ఇంకాస్త తగ్గి ఉంటుందిలే అని కన్ను 9.3 అనే చెప్తుందట. నాకు 9.0 అనిపిస్తే 9.0 అనే చెప్పాలి, తర్వాత తన అంకె 9.4 అయినా నాది కొట్టేయడానికి లేదు. స్కూల్లో పక్కవాళ్ల జవాబు చూసి దిద్దుకునే అలవాటున్నదాన్ని, ఇది కొత్త.

ఇంకో పట్టింపు నాకు అస్సలు అర్థమయ్యేది కాదు. పెదవాల్తేరు ఆకాశంలో 12వ మాగ్నిట్యూడ్ చుక్క మా టెలిస్కోపుకి అందేది కాదు. అంటే చాలా రాత్రులు ఎస్.ఎస్. సిగ్ని ఉండాల్సిన చోట ఖాళీయే. కనపడలేదు కదా, ఇంక దిగిపోదామంటే ఒప్పుకునేవాడు కాదు. చార్టులో మాకు కనపడుతున్న అన్నిటికన్నా మసక చుక్క ఏదో వెతికి, అది 11.2 అయితే "11.2 కన్నా తక్కువ" అని, అంటే వెలుగు అంతకన్నా తక్కువని, గుర్తు వేసి, టైమ్ రాసి, అప్పుడు గానీ లేచేవాడు కాదు. రూళ్ల నోటుబుక్కులో ఆ గుర్తులే పేజీలకి పేజీలు. అందులో ఏముందని అడిగితే, "ఇవాళ్టి దాకా లేవలేదని మనం రాయకపోతే ఎప్పుడు లేచిందో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ఆ వయసులో అది మొండితనం అనుకున్నాను. ఇప్పుడు ఆ పుస్తకాలన్నిట్లోకీ నాకు నచ్చే పేజీలు అవే. హబుల్ టెలిస్కోపుని ఇలాంటి చుక్కల వైపు తిప్పే ముందు కూడా ఔత్సాహికుల్ని అడుగుతారని తర్వాత తెలిసింది. ఆ చుక్క సరిగ్గా అప్పుడే పేలిందంటే లోపలి డిటెక్టర్లు ఆ వెలుగుకి పాడైపోతాయి. "ఇంకా లేవలేదు" అనే మాట అక్కడ అంత ఖరీదు చేస్తుంది.

అసోసియేషన్ అంటే అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్. 1911లో పెట్టారు, ఎవరైనా చూసి పంపొచ్చు. మావయ్య పొట్టిగా "అసోసియేషన్" అనేవాడు. "అసోసియేషన్ నుంచి కవరొచ్చిందిరా" అని అమ్మమ్మ కేకేసినప్పుడల్లా పక్కింటాయన అది ప్లాంటు యూనియన్ వ్యవహారమనుకుని, బోనస్ ఎంత ప్రకటించారని అడిగేవాడు. నెల తిరగ్గానే ఫారాలు నింపడం నా పని. తారీఖులు మనవి పనికిరావు, జూలియన్ డే అంకె వేయాలి, ఖగోళ శాస్త్రంలో రోజుల్ని వరసగా లెక్కపెట్టే అంకె. అది గ్రీనిచ్ మధ్యాహ్నానికి మారుతుంది, అంటే మనకి సాయంత్రం 5:30కి. అందుకని మనకి రాత్రి మొత్తం ఒకే అంకె కింద పడుతుంది. అర్ధరాత్రి తారీఖు మార్చే తలనొప్పి లేదు. ఖగోళ శాస్త్రంలో భారతీయులకి కలిసొచ్చిన విషయం ఇదొక్కటే అనేవాడు మావయ్య.

అది సరదాకి అన్నమాటే, ఎందుకంటే ఆ పాతవాళ్ల మీద తనకి చెప్పలేనంత గౌరవం. 1867లో మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేస్తూ ఆర్ రెటిక్యులై అనే వేరియబుల్‌ని కనిపెట్టిన చింతామణి రఘునాథాచారి. అవిభక్త బెంగాల్‌లోని జెస్సోర్‌లో ట్రెజరీ ఉద్యోగం చేసుకుంటూ ఇంటి దగ్గర నుంచి చుక్కలు చూసి వేలకి వేలు పరిశీలనలు అమెరికా పంపిన రాధాగోవింద చంద్ర. ఆయనకి అసోసియేషన్ వాళ్లు ఆరంగుళాల టెలిస్కోపు అరువిచ్చారు. అది తర్వాత చేతులు మారి ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు దగ్గరికి వెళ్లింది. వేణు బప్పు కూడా హైదరాబాదులో కుర్రతనంలో వేరియబుల్స్ చూస్తూ మొదలుపెట్టినవాడే. ట్రెజరీ గుమాస్తా అనేసరికి మావయ్య గొంతు మారిపోయేది. "డ్యూటీ చేసొచ్చి చూసేవాడే ఆయన కూడా" అనేవాడు.

మన ఊరి సంగతీ ఉంది. ఒకసారి డాబాగార్డెన్స్‌లో ఏదో పనుండి వెళితే, నడుస్తూ నడుస్తూ ఆగి "ఇక్కడే ఎక్కడో అబ్జర్వేటరీ ఉండేది తెలుసా" అన్నాడు. 1840ల్లో గోడే వెంకట జగ్గారావు సొంత డబ్బుతో కట్టించాడు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపించాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటిపోతుంటే ఇక్కడి నుంచే చూసి లండన్‌కి రిపోర్టు పంపాడు. నేను చుట్టూ చూశాను. బట్టల షాపులు, ఆటోలు, చెరుకురసం బండి. ఒక చిన్న బోర్డైనా పెట్టకూడదా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

1999 మేలో దక్షిణాన వెలా రాశిలో ఒక నోవా, అంటే ఉన్నట్టుండి భగ్గుమనే చుక్క, పేలి మామూలు కంటికి కనిపించేంత వెలిగింది. వైజాగ్ నుంచి దక్షిణాన తక్కువ ఎత్తులో కనిపించే చోటే. మాకా కబురు తెలిసేసరికి అది చల్లారిపోయింది. మావయ్య కొన్నాళ్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాతే వారానికి రెండుసార్లు నెట్ సెంటర్‌కి వెళ్లి మెయిల్ చూసుకునే అలవాటు చేసుకున్నాడు.

అది అక్కరకొచ్చింది 2006 ఫిబ్రవరిలో. ఆ నెలలో వైజాగ్‌లో ఎవర్ని కదిపినా ఫ్లీట్ రివ్యూ గురించే. 12న రాష్ట్రపతి కలాం గారు నౌకాదళాన్ని చూశారు, మర్నాడు సబ్‌మెరీన్‌లో సముద్రం కిందికి కూడా వెళ్లొచ్చారు. బీచ్‌రోడ్డంతా జనం. గ్రీనిచ్ లెక్కన సరిగ్గా ఆ 12నే జపాన్‌లో ఇద్దరు ఔత్సాహికులు ఆర్.ఎస్. ఒఫియుకి పేలిందని పట్టుకున్నారు. ఇది ఎస్.ఎస్. సిగ్ని లాంటి ఏడు వారాల బేరం కాదు. శ్వేతకుబ్జం మీద పక్కనున్న ఎర్రటి మహాతార నుంచి వచ్చిన హైడ్రోజన్ ఏళ్ల తరబడి పొరలా పేరుకుని, ఆ పొర మొత్తం ఒక్కసారిగా అణుబాంబులా అంటుకుంటుంది. 1898, 1933, 1958, 1967, 1985. మళ్లీ ఇప్పుడు. 1985లో పేలినప్పుడు మావయ్యకి టెలిస్కోపూ లేదు, ఈ పిచ్చీ లేదు. మెయిల్ ప్రింటు తీయించుకుని ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చదివాడు.

ఆర్.ఎస్. ఒఫియుకి ఉండే సర్పధారి రాశి ఆ రోజుల్లో తెల్లవారుజామున తూర్పున లేస్తుంది. మా డాబాకి తూర్పున అప్పటికే నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు వచ్చేసింది. అందుకని నాలుగింటికి స్కూటర్ మీద లాసన్స్ బే వైపు ఇసుకలోకి దిగాం, బైనాక్యులర్సూ చార్టూ పట్టుకుని. వెనక పడమట పున్నమి దాటిన చంద్రుడు పట్టపగల్లా కాస్తున్నాడు, మావయ్య దాన్ని తిట్టని తిట్టు లేదు. ఎదురుగా సముద్రం మీద వేగుచుక్క. ఆ ఫిబ్రవరిలో శుక్రుడు బాగా ప్రకాశంగా ఉన్న రోజులు, నీళ్ల మీద దాని వెలుగు చారలా పడుతోంది. దూరంగా ఓడల దీపాలు. కుడిచేతి పైన వృశ్చికం, అందులో ఎర్రగా జ్యేష్ఠ. జ్యేష్ఠకి ఎడమ పక్కన, శుక్రుడికి పైన ఎక్కడో మా చుక్క ఉండాలి.

మామూలప్పుడు అది 11, 12 దగ్గర ఉంటుంది, బైనాక్యులర్స్‌కి దొరకదు. చార్టులో లేని చుక్క ఒకటి అక్కడ నిలబడి ఉంది. నారింజకీ ఎరుపుకీ మధ్య రంగు. నేను బైనాక్యులర్స్ దించి మావయ్య వైపు చూశాను. "చెప్పు" అన్నాడు. నేను 5.0 అన్నాను. తను చూసి, చాలాసేపు చూసి, "నాకు 4.9" అన్నాడు. అంతకుముందెప్పుడూ మా అంకెలు అంత దగ్గరగా రాలేదు.

పెదజాలరిపేట వాళ్లు పడవ నీళ్లలోకి తోస్తూ మమ్మల్ని చూశారు. ఒకతను దగ్గరికొచ్చి "ఏటి బాబూ, నేవీవోళ్లా?" అని అడిగాడు. బైనాక్యులర్స్, ఎర్ర టార్చి, కాగితాలు, అది ఆ వారం వైజాగ్. అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. మావయ్య ఆయనకి బైనాక్యులర్స్ ఇచ్చి, ఎక్కడ చూడాలో చెయ్యి పెట్టి చూపించాడు. ఆయన చూసి, "కొత్తగొచ్చిందా? ఎన్నాళ్లుంటాది?" అన్నాడు. నేను చూసినవాళ్లలో "ఎంత దూరం" అని కాకుండా "ఎన్నాళ్లు" అని అడిగిన మనిషి ఆయనొక్కడే. మావయ్య తెగ సంబరపడిపోయాడు. పది పదిహేను రోజుల్లో కంటికి ఆనదని చెప్పాడు. అలాగే జరిగింది. రోజుకింత తగ్గుతూ నెలాఖరుకి 7 కూడా దాటి దిగిపోయింది, మేం బైనాక్యులర్స్ మానేసి టెలిస్కోపుకి మారాం. ఆ ఫారం నేను నింపలేదు, అప్పటికి రిపోర్టులన్నీ కంప్యూటర్‌లోనే.

తర్వాత నా పెళ్లి, ఉద్యోగం, ఎంవీపీ కాలనీలో కాపురం. డాబాకి వెళ్లడం పండగలకే. ఒక్క హుద్‌హుద్ అప్పుడు తప్ప.

2014 అక్టోబరు 12న ఆ గాలి పోయాక ఊరంతా కరెంటు లేదు, ఫోన్లు లేవు. పాల ప్యాకెట్‌కీ నీళ్ల బాటిల్‌కీ నోటికొచ్చిన రేటు. అమ్మమ్మ ఎలా ఉందోనని పడిపోయిన చెట్లు దాటుకుంటూ పెదవాల్తేరు వెళ్లాం. డాబాకి ఉత్తరాన అడ్డుండే వేపచెట్టు వేళ్లతో సహా పడిపోయింది. చీకటి పడింది. హార్బర్ వైపు కూడా ఎప్పుడూ ఉండే ఆ పసుపు వెలుగు లేదు. నేను పుట్టి పెరిగిన ఇంటి మీద పాలపుంతని మొదటిసారి చూశాను, హంస మెడ పొడుగునా చీలి కిందికి దిగుతూ. ఊళ్లో జనం అంత అవస్థ పడుతుంటే సంతోషించడానికి సిగ్గేసింది, అయినా సంతోషించాం. మావయ్య గొట్టం పైకి మోసుకొచ్చాడు. చంద్రుడు లేవడానికి ఇంకా టైముంది. ఎస్.ఎస్. సిగ్ని చుట్టూ చార్టులో మాత్రమే చూసిన 12 దగ్గరి చుక్కలు అద్దంలో ఒక్కొక్కటీ తేలాయి. మావయ్య చార్టు మీద పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ పోయాడు, కిరాణా లిస్టు సరిచూసుకుంటున్నట్టు.

కరెంటొచ్చాక అవన్నీ మళ్లీ పోయాయి.

మావయ్య రిటైరై ఆనందపురం వైపు ఇల్లు కట్టుకున్నాడు. మోకాళ్లు సహకరించక టెలిస్కోపు గదిలో గోడకి చేరింది, అద్దం మీద మచ్చలు మధ్యదాకా వచ్చేశాయి. ఇప్పుడు కుర్చీ, బైనాక్యులర్స్ అంతే. 2024 ఎండాకాలం నుంచి ఉత్తర కిరీటంలో టి కరోనా బొరియాలిస్ కోసం కూర్చున్నాడు. 1866లో, 1946లో పేలింది, దాదాపు 80 ఏళ్లకోసారి. మామూలుగా 10, పేలితే 2. కిరీటంలో ఉన్న పెద్ద చుక్కకి సాటిగా వెలుగుతుంది, వెలిగిందంటే ఫ్లడ్‌లైట్లున్నా కనిపిస్తుంది. ఆ ఏడు పేలుతుందని పేపర్లన్నీ రాశాయి, అది పేలలేదు. మావయ్య బైనాక్యులర్స్‌కి అది మామూలప్పుడు దొరకదు. అందుకని మబ్బు లేని ప్రతి రాత్రీ నా వాట్సాప్‌కి ఒక మెసేజ్ వచ్చేది: "8.5 కన్నా తక్కువ." కింద టైమ్.

మా ఆయన ఒకరోజు అది చూసి "ఏంటి, మీ మావయ్యగారికి షుగరా?" అన్నారు.